మొదటి సగం నాది

అక్టోబరు 23, గురువారం

గవర్రాజు నాకు ఇంతవరకు జవాబు చెప్పలేదు. పదేళ్ళయింది.

నా భార్య కాంతం మంచం పట్టినప్పుడు రెండో సగం పుస్తకం కావాలంది. అది గవర్రాజు దగ్గర ఉంది. వాడు ఆవిడకి సొంత అన్న, నాకు బావ. ఒకే పడవలో బతికినవాళ్ళం. పుస్తకం పంపమని కబురు పెట్టాను. పంపలేదు. ఎందుకు పంపలేదో చెప్పలేదు. కాంతం పోయింది. మట్టి చేసే రోజు వచ్చి అందరి వెనకా నిలబడ్డాడు. నా ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు. ఇది నేను మరిచిపోలేదు. మరిచిపోను.

ఈ డైరీ ఇంజను ఆయిలు కొట్టువాడు ఇచ్చాడు. ఏడాది అయిపోవస్తోంది, ఇందులో ఒక్క అక్షరం రాయలేదు. ఈ రోజు ఎందుకు రాస్తున్నానంటే కోడలు సుధారాణి నా కడుపులో ఉన్నదాన్ని కదిపింది. తెలియక కదిపింది.

సుధారాణి మా జాలారిపేట అంగన్‌వాడీలో టీచరు. నవంబరు 14న పిల్లల పండగట. పేటలో పెద్దవాళ్ళు ఎవరైనా వచ్చి పిల్లలకి ఒక కథల పుస్తకం పైకి చదివి వినిపించాలట.

"మావయ్యా, నువ్వు సదువు," అంది.

"నాను సదివితే అది అయ్యేసరికి ఆల్లకి పెల్లిల్లయిపోతాయి."

"మెల్లిగానే సదువు. పిల్లలకి తొందరేటుంది?"

పుస్తకం నువ్వే ఎంచుకో అంది. నాలుగైదేళ్ళ పిల్లలు. నవ్వేలా ఉండాలి, చిత్రంగా ఉండాలి, పాతకాలం నుంచీ పిల్లలు ఇష్టపడినదైతే మరీ మంచిదట. ఆఫీసు నుంచి తెచ్చిన పుస్తకాలన్నీ నా మంచం మీద పోసి వంటింట్లోకి పోయింది.

అటువంటి పుస్తకం ప్రపంచంలో ఒకటే ఉంది. సగం నా పెట్టెలో ఉంది.

ఆ మాట కోడలికి చెప్పలేదు.

అక్టోబరు 24, శుక్రవారం

పుస్తకాలు మనవరాలు అలేఖ్య మీద పరీక్ష చేశాను. దానికి ఐదో ఏడు. ఒడిలో కూర్చోబెట్టుకుని, వేలు పెట్టి చదివాను.

మొదటి దాంట్లో ఒక పిల్లవాడు ప్రతి పేజీలోనూ చేతులు కడుక్కుంటాడు. చివరి పేజీలో కూడా కడుక్కుంటాడు. అలేఖ్య నా చొక్కా బొత్తాలు విప్పుతూ కూర్చుంది.

రెండో దాంట్లో మంచులో ఎలుగుబంటి.

"మంచంటే ఏటి తాతా?"

"ఐసు."

"అయితే కింద సేపలున్నాయా?"

హార్బరు చూసిన పిల్ల. ఐసు ఉంటే దాని కింద చేపలు ఉండి తీరాలి. లేవన్నాను. ఒడిలోంచి దిగిపోయింది.

మూడో దాంట్లో నక్క అబద్ధమాడి చెడిపోతుంది. చివర నీతి అని విడిగా రాసి ఉంది. అది చదువుతుంటే ఎవరో నన్నే నిలబెట్టి తిట్టినట్టు ఉంది. నా వయసులో నాకెందుకు ఆ తిట్లు.

నేను మెల్లిగా చదువుతాను. మాట మాట దగ్గరా ఆగుతాను. మెల్లిగా చదివితే మంచి పుస్తకం ఊరుతుంది. చెడ్డది ఆగిన చోటే చచ్చిపోతుంది. ఈ మూడూ చచ్చిపోయాయి.

అక్టోబరు 25, శనివారం

ఇంకో రెండు చూశాను. వద్దు.

అక్టోబరు 27, సోమవారం

పెట్టె తీశాను. కాంతం చీరల మధ్య ఉంది నా సగం. ఒక వైపే అట్ట ఉంటుంది. రెండో వైపు ఉత్త కాగితమే. అట్ట మీద ఎర్ర గొడుగు ఒకటి తలకిందులుగా నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది. అందులో మెడకి టేపు వేసుకున్న దర్జీ. పక్కన కళ్ళజోడు పెట్టుకున్న మేక. పైన పెద్ద అక్షరాలు: తుమ్ము తప్పిపోయిన దర్జీ.

ఇది మాకు సముద్రంలో దొరికింది. అప్పటికి నా పిల్లలూ చిన్నవాళ్ళే, గవర్రాజు పిల్లలూ చిన్నవాళ్ళే. గాలివాన వెళ్ళిన మర్నాడు వేటకి పోయాం, పడవలో నలుగురం. వల లాగితే చేప తక్కువ, చెత్త ఎక్కువ. చెత్తలో ఒక రేకు పెట్టె. మూత బిగించి మైనం గుడ్డ చుట్టి ఉంది. ఏ ఓడలోంచి పడిందో తెలియదు. విప్పితే స్టీలు గ్లాసులు, అద్దం, దుప్పటి, అడుగున ఈ పుస్తకం. నీళ్ళు పెద్దగా వెళ్ళలేదు. అంచులు తడిశాయి అంతే.

వలలో పడింది ఏదైనా పడవలో ఉన్న అందరిదీ. చేపైనా అంతే, చెక్కముక్కైనా అంతే. ఒకడు పట్టుకుపోవడం ఉండదు. మిగతా ఇద్దరూ గ్లాసులు, అద్దం, దుప్పటి సర్దుకున్నారు. పుస్తకం నేనూ అడిగాను, గవర్రాజూ అడిగాడు. ఇద్దరికీ చదువు రాదు. ఇద్దరికీ బొమ్మలు నచ్చాయి. ఇద్దరిలో ఎవడూ వదల్లేదు. ఒడ్డు కనపడే వేళకి గవర్రాజు వల కోసే కత్తి తీసి, నడుమ దారం తెంపాడు. చెరో చేతిలో పెట్టుకుని తూచి చూశాం. సమానంగా వచ్చింది. పంపకం బాగా చేశాడని మెచ్చుకున్నాను కూడా. గొడుగు బొమ్మ ఉన్న ముక్క నేను తీసుకున్నాను. అది మొదటి సగమని తెలిసి తీసుకోలేదు.

కాంతం ఐదు దాకా చదువుకుంది. రెండు ముక్కలూ చూసి అరుగు మీద కూలబడింది.

"ఇదేటి, సేపనుకున్నారా? తల ఒకడికి, తోక ఒకడికి?"

"వాటా వాటాయే," అన్నాడు గవర్రాజు.

"ఇలగివ్వండి. సూదీ దారం తెచ్చి కుట్టేత్తాను."

ఇద్దరం ఇవ్వలేదు.

అక్టోబరు 28, మంగళవారం

తుపాను. పడవలన్నీ ఒడ్డున. అంగన్‌వాడీ లేదు.

అక్టోబరు 29, బుధవారం

వాన తగ్గలేదు.

ఇటువంటి రోజుల్లోనే కాంతం చదివేది. వేట లేని రోజే కదా మేం ఒడ్డున ఉండేది. మొదటి సగం మా అరుగు మీద. మా పిల్లలు, గవర్రాజు పిల్లలు, వాళ్ళ వెనక పేటలో పిల్లలు. అయిపోగానే అందరూ లేచి వానలో తడుస్తూ గవర్రాజు అరుగు మీదకి పరుగు. రెండో సగం అక్కడ. నడుమ నాలుగు ఇళ్ళు. ఆ నాలుగు ఇళ్ళ దూరం అంతా, తరవాత ఇలా అవుతుంది, కాదు అలా అవుతుంది అని కొట్టుకుంటూ పోయేవారు. కాంతం తల మీద బేసిన బోర్లించుకుని వెనకాల నడిచేది. తొందరపడేది కాదు. పుస్తకం కుట్టించుకుని ఉంటే ఆ నాలుగు ఇళ్ళ దూరం ఉండేది కాదు. ఇది నేను ఎవరితోనూ అనలేదు.

కథ ఇది. దర్జీకి ఒక రోజు తుమ్ము వస్తుంది వస్తుంది అనిపిస్తుంది. కళ్ళు మూసుకుని, ముక్కు పైకెత్తి నిలబడతాడు. రాదు. ఎక్కడో తప్పిపోయింది. గొడుగు తిరగేసి, మేకని తోడు తీసుకుని, సముద్రం మీద వెతకడానికి బయల్దేరతాడు. దారిలో ఒక మబ్బు ఆపి, నాకు జేబు కుట్టు, వాన దాచుకుంటాను అంటుంది. ఒక చేప ఆపి, నా నోటికి బొత్తాం పెట్టు, నేను మరీ ఎక్కువ మాట్లాడుతున్నాను అంటుంది.

మాకు ఈ కథ వేరేలా తగిలింది. పడవ నీళ్ళలోకి తోసేటప్పుడు ఎవడైనా తుమ్మితే మేం ఆగిపోతాం. ఇసకలో కూర్చోవాలి. మంచినీళ్ళు తాగాలి. అప్పుడు లేవాలి. గవర్రాజు ముక్కు సంగతి పేటంతా తెలుసు. సరిగ్గా పడవకి భుజం ఆనించినప్పుడే తుమ్ముతాడు. పక్క పడవలవాళ్ళు వాడు లేచాడా లేదా చూసుకుని బయల్దేరేవారు. అటువంటి పేటలో, తుమ్ము కావాలని సముద్రం మీదకి పోయేవాడి కథ చదివితే పిల్లలు అరుగు మీద దొర్లేవారు.

నేను మొదట నవ్వలేదు.

"గొడుగు మునిగిపోద్ది. మేక బరువుకి ఒడ్డునే మునిగిపోద్ది," అన్నాను.

"మునగదు," అంది కాంతం. "మునుగుతాదని మేకకి తెల్దు."

అప్పుడు నవ్వాను.

తరవాత ఈ సగం మీదే నాకు అక్షరాలు నేర్పింది. నేను చదివిన మొదటి మాట తుమ్ము. రెండో సగం వాడి ఇంట్లో ఉండేది కాబట్టి అది నేను చదవలేదు. పిల్లలు అటు పరుగెత్తినా నేను మా అరుగు దిగేవాణ్ణి కాదు, చివర ఏమయిందో ఇంటికి వచ్చాక కాంతం చెప్పగా విన్నదే. తుమ్ము మేక గడ్డంలో దాక్కుందట. మొదటి నుంచీ గొడుగులోనే ఉందట, ఊరంతా వెతికారట.

నవంబరు 3, సోమవారం

పద్నాలుగు దాకా ఎందుకు, ఒకసారి చదివి చూడు, అంది సుధారాణి. నా సగం సంచిలో పెట్టుకుని వెళ్ళాను. పిల్లలు చాపల మీద కూర్చున్నారు. పప్పు ఉడుకుతున్న వాసన. గోడకి ఆనుకుని తల్లులు కొందరు, సూరన్న తాత చదువుతాడట అని వేడుక చూడడానికి వచ్చారు.

కళ్ళజోడు తుడుచుకుని మొదలెట్టాను. మొదటి పేజీలోనే ఒకడు ఆపాడు.

"తాతా, తుమ్మితే ఎల్లకూడదు. మా అయ్య ఎల్లడు."

"ఈడు తుమ్ము కోసమే ఎల్తన్నాడ్రా."

"ఎందుకు?"

"సూద్దాం."

"నువ్వు సూడనేదేటి?"

తల్లులు నవ్వారు. నేను వాణ్ణి పట్టించుకోకుండా చదివాను. గొడుగు నీళ్ళలో దిగింది. ఎవరూ మునుగుతుందని అనలేదు. మేక కళ్ళజోడు దగ్గర నా కళ్ళజోడు వైపు చూశారు. మబ్బు జేబు దగ్గర ఒక గుంట తన గౌను జేబులో చెయ్యి పెట్టి వాన ఉందేమో చూసుకుంది. నేను ఆగిన చోటల్లా వాళ్ళూ ఆగారు. ఒక్కడూ బొత్తాలు విప్పలేదు. కాంతం కూర్చున్నట్టే కాలు మడిచి కూర్చున్నానని మధ్యలో తెలిసింది. కాలు మార్చలేదు.

చివరి పేజీలో తప్పిపోయినవన్నీ చేరే దీవి వస్తుంది. తలుపు దగ్గర తాళాలగుత్తి పట్టుకున్న పీత. "పీత తలుపు తీసింది. లోపల ఎవరు కూర్చున్నారంటే"

అంతే. గవర్రాజు కత్తి అక్కడ పడింది.

"ఎవులు?" అన్నారు పిల్లలు.

"తాతా, తిప్పు," అంది అలేఖ్య.

"నేదమ్మా."

"తిప్పు తాతా."

ఇక కాగితాలు లేవని చూపించాను. నమ్మలేదు. లేచి వచ్చి నా వేలు తీసి పక్కన పెట్టి, తనే తిప్పింది. అటువైపు నా పంచె కనపడింది.

మేక గడ్డం సంగతి చెప్పేద్దామనుకున్నాను. కాని వాళ్ళు అడిగింది లోపల ఎవరు కూర్చున్నారని. అది నాకు తెలియదు. కాంతం ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు.

"మిగతాది పద్నాలుగో తారీకు," అన్నాను.

తల్లుల ముందు, కోడలి ముందు, పిల్లల ముందు అన్నాను. నేను అన్న మాట ఇంతవరకు వెనక్కి తీసుకోలేదు.

నవంబరు 4, మంగళవారం

వీధిలో ఆపి అడుగుతున్నారు. ఒక గుంట పంచె పట్టుకుని వదల్లేదు.

నవంబరు 6, గురువారం

నేనే ఏదో కట్టి చెబుదామని అలేఖ్య మీద చూశాను.

"తలుపు తీత్తే లోపల ఒక ముసలోడు కూర్సున్నాడు."

"ఏటి సేత్తన్నాడు?"

"వల బాగుసేత్తన్నాడు."

"తరవాత?"

"బాగుసేసి ఆరేసేడు."

"తరవాత?"

"అంతే."

అలేఖ్య నా చెయ్యి నిమిరింది. "నువ్వు పుత్తకంలోదే సదువు తాతా," అంది.

నాకు ఉన్నది చెప్పడం వచ్చు. లేనిది చెప్పడం గవర్రాజు పని. పడవలో వాడు చెప్పే అబద్ధాలకి చేపలు పైకొచ్చి వింటాయి, అందుకే మీకు వలలో పడతాయి అనేది కాంతం. యారాడ కొండ ఒక రాత్రి నీళ్ళు తాగడానికి దిగి వచ్చిందని చెప్పాడు ఒకసారి. తెల్లారాక మేమంతా కొండ కాళ్ళు తడిశాయా అని చూశాం.

నవంబరు 8, శనివారం

రేపు గవర్రాజు ఉండే సబ్బవరం వెళతాను. పుస్తకం కోసమే.

నవంబరు 9, ఆదివారం

బయల్దేరుతుంటే గుమ్మంలో అలేఖ్య తుమ్మింది. కూర్చున్నాను. మంచినీళ్ళు తాగాను. లేచాను. సుధారాణి నవ్వింది. నవ్వనీ.

బస్సు కంచరపాలెం దాటేవరకు బాగానే ఉంది. పెందుర్తి దాటాక గాలిలో ఉప్పు పోయింది. హుద్‌హుద్ తుపానుకి ఇల్లు పడిపోయాక గవర్రాజు ఈ సముద్రం లేని ఊరికే వచ్చాడు, కొడుకు మోహన్ దగ్గరికి. మోహన్‌కి స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని. ఇల్లు పడినా పుస్తకం దక్కించుకునే ఉంటాడనుకున్నాను. అదే తుపానుకి నా ఇంట్లోకీ నీళ్ళు వచ్చాయి. నా సగం నేను దక్కించుకోలేదా.

కొత్త కాలనీలో ఇళ్ళన్నీ ఒకేలా ఉన్నాయి. గవర్రాజు ఇల్లు అడగక్కర్లేకపోయింది. వాకిట్లో నీలం వల పందిరిలా కట్టి ఉంది. దాని మీద బీరతీగ పాకించాడు. వలకి బీరకాయలు వేలాడుతున్నాయి. నాకు ఒళ్ళు మండింది.

వాడు కింద స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"బావా. కూర్సో."

"కూర్సోడానికి రానేదు. పుత్తకం ఇయ్యి."

"పదేల్లకొచ్చి పుత్తకం ఇయ్యంటావేటి? ముందు నీల్లు తాగు."

"సూసేను, వలకి బానే పడతన్నాయి సేపలు."

"ఇక్కడివి ఈత రానివి బావా. దొరికిపోతన్నాయి."

నాకు నవ్వు రాబోయింది. రానివ్వలేదు. లోపల్నుంచి వాడి భార్య ధనలక్ష్మి తొంగి చూసి, నీళ్ళు తెచ్చి ఇచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇయ్యి, బస్సుకెల్లిపోవాలి," అన్నాను.

"నేదు బావా."

"నేదంటే?"

"తుపానుకి పోనాది. గోడగూట్లో ఎట్టేను. పొద్దున్న సూత్తే గూడు నేదు, గోడా నేదు."

నేను నిలబడే ఉన్నాను. చేతిలో గ్లాసు ఉంది.

"మరి కాంతం అడిగినప్పుడు ఆ ముక్క సెప్పలేకపోనావా?"

"ఏటని సెప్పను? సెల్లి ఆకరికి ఒకటడిగితే, అది నాను పారేసుకున్నానని సెప్పనా? ఆసుపత్రికొచ్చేను బావా. మెట్ల కాడ దాకా ఒచ్చేను. సేతిలో ఏటీ నేదు. ఎనక్కెల్లిపోనాను."

"ఉత్త సేతుల్తో రాకూడదేటి?"

"నువ్వు పుత్తకం పంపమన్నావు. నన్ను రమ్మన్నావేటి?"

సొంత చెల్లెలి దగ్గరికి రావడానికి పిలుపు కావాలా. అదే అడిగాను. వాడు బీరతీగ కేసి చూస్తూ కూర్చున్నాడు. ఇది వాడు జవాబు చెప్పకపోవడం రెండోసారి.

వచ్చిన పని వదలకూడదని అడిగాను. "పోనీ కథ సెప్పు. పీత తలుపు తీత్తే లోపల ఎవులున్నారు? తుమ్ము మేక గడ్డంలో దొరికినాది కదా, మరి లోపల ఉన్నోడెవుడు?"

"మేక గడ్డమేటి? నా ముక్కులో కదా దొరికినాది."

"నీ ముక్కులోనేటి?"

"దీవి నుంచి ఎగిరొచ్చి జాలారిపేటలో గవర్రాజు ముక్కులో దూరిందని కదా కాంతం సదివింది. పిల్లలు నా ముక్కు పట్టుకుని లాగీవోరు."

"మబ్బు జేబులో," అంది ధనలక్ష్మి గుమ్మంలోంచి. "నాతో అలగే సెప్పినాది."

ముగ్గురం కాసేపు దెబ్బలాడుకున్నాం. నేను గడ్డం వదల్లేదు, వాడు ముక్కు వదల్లేదు. చివరికి గవర్రాజు చెయ్యెత్తాడు.

"బావా. నా సగంలో కాయితాలన్నీ ఉప్పునీటికి అంటుకుపోయి ఉండీవి. పెట్టె తీసిన రోజు నుంచీ. ఊడదీత్తే సిరిగిపోతాయని కాంతం ఒగ్గేసినాది. తలుపు తీసిన కాడి నుంచి అందులో ఏటుందో ఎవులూ సదవనేదు. మా సెల్లి రోజుకొకటి కట్టి సెప్పీది."

ఇన్నేళ్ళు కాపురం చేశాను. నాకు చెప్పలేదు.

టీ తాగమన్నారు. తాగలేదు. ధనలక్ష్మి సంచిలో బీరకాయలు పెట్టింది. అవి తెచ్చాను. బీరకాయల తప్పు లేదు.

నవంబరు 10, సోమవారం

రాయడానికి ఏమీ లేదు. బీరకాయలు లేతగా ఉన్నాయి.

నవంబరు 11, మంగళవారం

పడవల దగ్గర కూర్చున్నాను. ఎవరో కుర్రాళ్ళు వల దులుపుతున్నారు. అక్కడే ఆలోచన వచ్చింది.

ఆ సగం కాంతం తనే కట్టి చెప్పేది. చదవగలిగిన మొదటి సగం తనకి నోటికి వచ్చు. మంచం మీద ఉన్నప్పుడు కళ్ళు కూడా సరిగా ఆనేవి కావు. మరి రెండో సగం తెప్పించమని ఎందుకు అడిగింది. ఆ పుస్తకంతో తనకేం పని.

పుస్తకం పట్టుకుని ఎవడు వస్తాడు. వాడే వస్తాడు. తన వాటా ఇంకొకడి చేతిలో పెట్టే మనిషి కాదు. అది కాంతానికి తెలుసు.

నేను పుస్తకం అనుకున్నాను. వాడూ పుస్తకమే అనుకున్నాడు.

నాకు తిన్నగా చెప్పాల్సింది. అన్నని చూడాలని ఉంది అంటే నేను పిలవనా. పిలిచేవాణ్ణి. తప్పకుండా పిలిచేవాణ్ణి. ఆ ముందు ఏడాది పడవ అమ్మే దగ్గర వాడితో మాట పట్టింపు వచ్చి మాట్లాడుకోవడం లేదు, అయినా పిలిచేవాణ్ణే.

నవంబరు 12, బుధవారం

పొద్దున్న వల కోసే కత్తి నూరాను.

మా పడవలో ఒక పద్ధతి ఉండేది. పంచుకున్నాక, ఒడ్డు చేరేలోగా ఎవడి వాటా అయినా నీళ్ళలో పడిపోతే, వాడి ఖర్మ అని ఊరుకోం. మిగిలింది మళ్ళీ కలిపి, మళ్ళీ పంచుతాం. గవర్రాజు వాటా గాలీ నీళ్ళూ పట్టుకుపోయాయి. మేమిద్దరం ఇంకా ఒడ్డు చేరలేదనే లెక్క.

నా సగం తెరిచి నడుమ దారం తెంపాను. కాంతం వేలు ఆనిన చోట్లు నల్లగా ఉన్నాయి, అక్కడ కత్తి తగలకుండా చూసుకున్నాను. అలేఖ్య చూసి గోల పెట్టింది.

"అమ్మా, తాత పుత్తకం సింపేత్తన్నాడు."

"సింపడం కాదే. పంచడం."

సుధారాణి తడి చేతులతో వచ్చి నిలబడింది. "మావయ్యా, ఏటిది? ఎల్లుండే కదా సదవాలి."

"అందుకే," అన్నాను.

గొడుగు ఒడ్డు నుంచి బయల్దేరి మబ్బు ఎదురయ్యేవరకు నా దగ్గర ఉంచుకున్నాను. మబ్బు జేబు నుంచి పీత తలుపు దాకా వాడికి. చేతుల్లో పెట్టుకుని తూచాను. వాడి ముక్కే కొంచెం బరువు. పోనీ.

కోడలి చేత ఫోను చేయిస్తే మోహన్ డ్యూటీకి పోయే ముందు బండి మీద వచ్చాడు. గుడ్డలో చుట్టి ఇచ్చాను. వెనక్కి ఇంటికి వెళ్ళి ఇచ్చి పొమ్మన్నాను. వెళ్ళాడు. మంచి పిల్లాడు, తండ్రిలా కాదు.

సాయంత్రం ఫోను చేశాడు. సుధారాణి నా చెవికి పెట్టింది.

"మావయ్యా, అయ్య కాయితాలు ఒడిలో ఎట్టుకుని కూర్సున్నాడంట. అన్నం తిననేదు. మజ్జానం తెల్లసొక్కా ఏసుకున్నాడంట. సంచట్టుకుని గుమ్మం దాకా ఒచ్చేడంట."

"ఒచ్చి?"

"తుమ్మేడంట. మల్లీ కూర్సున్నాడు."

ఇప్పుడు ఇది రాస్తున్నాను. రాసి, కోడలి ఫోనులో నా గొంతుతో చదివి వాడికి పంపుతాను. తడుముకోకుండా చదవాలి, అందుకే ముందు ఇక్కడ రాసుకుంటున్నాను.

బావా గవర్రాజూ. నేను సూరన్నని.

పుస్తకం అడగడం లేదు. అది లేదని విన్నాను. ఇప్పుడు నీ దగ్గర ఉన్నది నీ వాటా. నీకు చదవడం రాకపోతే బొమ్మలు చూసి చెప్పు. తలుపు తీశాక లోపల ఎవరు కూర్చున్నారో నా దగ్గర లేదు, నీ దగ్గరా లేదు. కాంతం దగ్గర ఉండేది. ఆవిడలా కట్టి చెప్పడం మనవాళ్ళలో నీకొక్కడికే వచ్చు. నీ ముక్కే చెప్పుకో. మేక గడ్డం నేను వదులుకున్నాను.

శుక్రవారం పొద్దున్న పిల్లలు చాపల మీద కూర్చుంటారు. నేను మబ్బు దాకా చదివి ఆపేస్తాను. నువ్వు రాకపోతే గొడుగు అక్కడే నిలబడిపోతుంది. అందులో మేక కూడా ఉంది.

నిన్ను రమ్మనలేదన్నావు. రమ్మంటున్నాను. రా. ఉత్త చేతులతో అయినా రా.

తుమ్మావని తెలిసింది. తుమ్మితే ఏం చెయ్యాలో నీకు నేను చెప్పక్కర్లేదు. కూర్చోవాలి, నీళ్ళు తాగాలి, లేవాలి. కూర్చోవడం పదేళ్ళయింది. నీళ్ళు తాగు. లేస్తావో లేవవో రేపు, గురువారం, దీపాలు పెట్టే వేళకి నాకు చెప్పు.